అరవై రోజుల గోడ

పొద్దున్నే పార్కులో కలిసే మా రిటైర్డు బృందానికి నడక పది నిమిషాలు, పేపరు గంట. మొన్న ఒకాయన పేపరు మడత విప్పి, చిన్న చిన్న నేరాలకు ఇకనుంచి జైలు బదులు సమాజ సేవ చేయించవచ్చట, కొత్త చట్టమట అని చదివాడు. "కొత్తేముందండీ, నేను ఆ శిక్ష ఎప్పుడో అనుభవించాను" అన్నాను. నోరు జారిందని నాకు తెలిసేలోపే బెంచీ మీద నాకు రెండు వైపులా చోటు ఏర్పడింది.

"ఏం కేసండీ?" అని ఒకాయన గొంతు తగ్గించి అడిగాడు.

"నాది కాదండీ, వేరొకాయనది. నేను చేసింది ఒక్క రోజే" అన్నాను. ఈ సవరణతో వ్యవహారం ఇంకా పాడైంది. ఉద్యోగం పొడుగునా ఆఫీసు కాగితాలు రాసినవాడిని, ఒక్క వాక్యం తిన్నగా చెప్పలేకపోయాను. ఆ వాక్యం తిన్నగా చెప్పడానికే ఇదంతా.

ఆ శిక్ష పడిన ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి కాగితం మీదికి ఎక్కినందుకే ఆ పేరుకు అంత తిప్పలు వచ్చింది. రెండోసారి నా చేత్తో ఎక్కించడం బాగుండదు. అప్పటికే యాభై దాటిన మనిషి. ఇప్పుడు ఉండే అవకాశం లేదు.

డెబ్బైల మొదట్లో నాకు లోయర్ డివిజన్ క్లర్కు ఉద్యోగం ఇచ్చి హుకుంపేట వైపు వేశారు. మా ఇంట్లో నన్ను లోయ డివిజన్ క్లర్కు అనేవారు. తీరా వెళ్ళి చూస్తే లోయలు తక్కువ, ఎక్కవలసిన కొండలే ఎక్కువ. కింద మైదానంలో అయితే, ఒకణ్ణి ఈ కొండల ఏజెన్సీకి వేశారంటే ఏదో తప్పు చేసి ఉంటాడని అర్థం. నాకు తప్పు చేసేంత సర్వీసు కూడా లేదు. రెండేళ్ళ ప్రొబేషన్‌లో ఉన్నాను. పై అధికారికి నచ్చకపోతే ఒక్క కాగితంతో ఇంటికి పంపేయవచ్చు.

ఆ పై అధికారి డిప్యూటీ తహసీల్దారు గారు. ఆ రోజుల్లో ఆ కొండల్లో చిన్న చిన్న కేసులు విచారించే అధికారం కూడా ఆయనకే ఉండేది. అదే కుర్చీ, అదే బల్ల. పొద్దున పట్టాలు, మధ్యాహ్నం ముద్దాయిలు.

ఒక మధ్యాహ్నం అటవీ శాఖ గార్డు ఒక కేసు తెచ్చాడు. గార్డు ఖాళీ చేతులతో ముందు నడుస్తున్నాడు. వెనక కావిడిలో బండరాళ్ళు మోసుకుంటూ ముద్దాయి. తన మీది సాక్ష్యాన్ని తానే మోసుకొస్తున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మొత్తం పదకొండు రాళ్ళు. రెండు రోజుల్లో నాలుగుసార్లు కొండ దిగి ఎక్కి తెచ్చాడు. చివరి విడత దించాక వాటిని మా వరండాలో పడేయలేదు. ఒక్కొక్కటీ తిప్పి చూసి, కదలకుండా కూర్చోబెట్టి, అప్పుడు చెమట తుడుచుకున్నాడు.

అడవి సరిహద్దుకు గుర్తుగా పేర్చిన రాళ్ళకుప్పను విప్పేసి, ఆ రాళ్ళతో తన మడికి గట్టు కట్టుకున్నాడన్నది నేరం.

"రాళ్ళు తీశావా?" అని అడిగారు డిప్యూటీ తహసీల్దారు గారు.

"తీసినాను బాబూ."

"ఎందుకు?"

"మల్లీ పెట్టీడానికి."

"ఎక్కడ?"

"ఎక్కడివి అక్కడే."

అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, అవి వాళ్ళ అయ్య ఆ మడికి కట్టిన గట్టు రాళ్ళే. సరిహద్దు వేసినవాళ్ళు రాళ్ళ కోసం ఎక్కువ దూరం వెతకలేదు. దగ్గర్లో ఉన్న గట్టు విప్పుకుని పోయారు. ఈయన కొన్నేళ్ళు చూసి, ఎవరూ తిరిగి ఇవ్వకపోయేసరికి తనే తెచ్చుకున్నాడు. దీనికి సాక్ష్యం లేదు. రాళ్ళు మాట్లాడవు. ఈ ముక్క ఆయన ముందు అంటే ఒప్పుకునేవాడు కాదనుకోండి.

నేరం ఒప్పుకున్నాడు కాబట్టి శిక్ష వేయాలి. శిక్షంటే కొండ దిగి జైలుకు పోవాలి. అలా వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేసరికి ఎలా ఉంటారో మా అధికారి చూసి ఉన్నారు. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఒక ఉత్తర్వు చెప్పి నాచేత రాయించారు. ముద్దాయిని మంచి నడవడి షరతు మీద, అంటే ప్రొబేషన్ మీద, వదిలిపెట్టడమైనది. దానికి బదులు, వాళ్ళ ఊరి నుంచి సంతకు దిగే కాలిబాటలో కిందటి వానలకు కూలిన మలుపు దగ్గర అరవై రోజులు పనిచేసి రాతిగోడ కట్టాలి. ఒక్క రోజు కూడా మానకూడదు. వాన పడిన రోజు మాత్రం లెక్కకు రాదు, దాన్ని చివర్న కలుపుకోవాలి. తప్పితే రెండు నెలలు జైలు. ఇది ఏ సెక్షను కిందికి వస్తుందో నేను అడగలేదు. అడిగితే నన్నే వెతకమంటారని భయం.

"రోజూ నువ్వు వెళ్ళి హాజరు వెయ్యి" అన్నారు నాతో. అంటే శిక్ష ఆయనకెన్ని రోజులో నాకూ అన్ని రోజులే. ఆదివారాలు కూడా పోయాయి. తేడా ఒక్కటే, ఆయనకు చేయడానికి పని ఉంది. పైగా ఉత్తర్వులో ఆయన ప్రొబేషన్, సర్వీసు పుస్తకంలో నా ప్రొబేషన్. ఇద్దరం ఒకే పదం కింద తలదాచుకున్నాం.

మొదటి రోజు పొద్దున్నే రిజిస్టరు పట్టుకుని మలుపు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ తిరునాళ్ళలా ఉంది. ఆడా మగా కలిసి ముప్ఫై మంది. కొందరు కూలిన మట్టి తోడుతున్నారు, కొందరు గెడ్డలోంచి, అంటే కింద కొండవాగులోంచి, రాళ్ళు పైకి అందిస్తున్నారు. ఒక పక్క జీలుగు కల్లు కుండలు ఆకులతో మూసి ఉన్నాయి. ఈయన మధ్యలో నిలబడి చేత్తో అలా అలా చూపిస్తున్నాడు.

"వీళ్ళంతా ఎందుకొచ్చారు?" అన్నాను.

"పనికే బాబూ. అరవై దినాల పనన్నారు కదా. ముప్పై మందిమి వచ్చినాం. రేపు పొద్దుగూకే ఏలకి అయిపోతాది."

నేను మనసులో లెక్క కట్టి చూశాను. లెక్క సరిగ్గానే ఉంది. అదే వచ్చిన చిక్కు.

ఆ కొండల్లో ఒక ఇంటికి పని పడితే ఊరంతా వెళ్ళి చేసి వస్తారు. కూలి అడగరు. ఆ పూట తిండి, కల్లు ఆ ఇంటివాళ్ళవి. రేపు ఇంకొకరికి పని పడితే ఈ ఇంటివాళ్ళు వెళ్తారు. ఎవరి పని వాళ్ళొక్కరే చేసుకోవడమంటే ఆ ఊళ్ళో ఎవరికీ కాని దిక్కులేనివాడని అర్థం. వాళ్ళకు ఇది ఎత్తు వేయడం కాదు, మామూలు మర్యాద.

"అలా కుదరదు. శిక్ష నీకొక్కడికే" అన్నాను.

"అవును, నాకే. అందుకే నేను పిలిసినాను. ఏరేవోడికైతే ఆడు పిలుస్తాడు."

ఆఫీసుకు పరిగెత్తాను. మా అధికారి జీపు దిగి, మిగతా దూరం నడిచి వచ్చేసరికి మట్టి మొత్తం తోడేసి, రాళ్ళు పెద్దవీ చిన్నవీ విడివిడిగా పోగులు పెట్టేశారు. ఆయన కాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ చూపులో కోపం కంటే, ప్రభుత్వ పని ఇంత వేగంగా జరగడం ఎన్నడూ చూడని మనిషి ఆశ్చర్యం ఎక్కువ.

"పని ఆపండి" అన్నారు.

"పని అయిపోతే మంచిదే కదా బాబూ" అన్నాడు ఈయన.

"పని కోసం కాదయ్యా ఇది. శిక్ష కోసం."

"అయితే గోడ అక్కర్నేదా?"

"గోడ కావాలి."

"మరి గోడ బేగి వచ్చీస్తే తప్పేటి?"

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు చేసిన తప్పుకి నువ్వే పని చెయ్యాలి. నీ ఒక్కడి చేతులే ఆడాలి."

"నేనొక్కడినే సేసినానేటి? ఆ రాళ్ళు తెచ్చి గట్టు కట్టినప్పుడు ఈళ్ళందరూ ఉన్నారు."

ముప్ఫై మందీ సంతోషంగా తలలూపారు. వెనకనుంచి ఒకావిడ, "నేను మూడు రాళ్ళు మోసినాను, రాసుకో బాబూ" అని నాతో అంది కూడా. అధికారి నా చేతిలో కలం వైపు చూసి, "అది రాయకు" అన్నారు గబగబా.

అందరినీ పంపించేశారు. కల్లు కుండలతో సహా ఊరు వెనక్కి ఎక్కిపోయింది. ఈయన మాత్రం కదలకుండా ఎదుటి వాలు వైపు చూస్తున్నాడు. అటువైపు ఆయన మడి ఉందని, అసలు తొందర గోడకు కాదు దానికని నాకు తర్వాత తెలిసింది.

గార్డు సాక్ష్యం కోసం లాగించిన పదకొండు రాళ్ళూ మడి గట్టులో కింది వరసవి. పై వరసలు ఎలాగో నిలబడి ఉన్నాయి, పళ్ళు రాలిన దవడలాగా. మొదటి పెద్దవాన పడితే గట్టు జారుతుంది, దాని వెనక మట్టి అంతా గెడ్డలోకి పోతుంది. ఆ మట్టి వాళ్ళ అయ్య తట్టలతో మోసి పోసింది. అది పోతే ఆ ఏటి తిండి ఒక్కటే కాదు, మడే ఉండదు. ఏప్రిల్లో మొదలైన అరవై రోజులు పూర్తయ్యేది తొలకరికి.

"మీ ఊరివాళ్ళు కట్టలేరా?" అని అడిగాను.

"పై వరసలు కడతారు. కింది వరస నాది."

గర్వంగా చెప్పలేదు. ఆ ఊళ్ళో ఒకరిది డప్పు, ఒకరిది వైద్యం, ఈయనది కింది వరస. ఈ గోడ పనికి పొద్దు పొడవకముందే ఊళ్ళో బయలుదేరి రావాలి, తిరిగి చీకటి పడ్డాక చేరాలి. కింది వరసకు వెలుతురు కావాలి. రాయి మొహం కనబడాలి.

ఇక ఆయన పని చేసే తీరు. రోజూ వచ్చి, గునపం పక్కన పెట్టి, రాళ్ళ పోగు ముందు గొంతుక్కూర్చునేవాడు. చుట్ట వెలిగించి, కాలే వైపు నోట్లో పెట్టుకుని, అడ్డపొగ పీలుస్తూ గంటసేపు రాళ్ళను చూసేవాడు. ఒక్క రాయి ముట్టుకునేవాడు కాదు. మొదట్లో నేను ఎగ్గొడుతున్నాడనుకున్నాను. "ముద్దాయి ఎనిమిది గంటలకు వచ్చెను. తొమ్మిది వరకు రాళ్ళను చూచెను" అని రిజిస్టర్లో రాశాను.

"ఏటి రాసినావు?" అన్నాడు. చదివి వినిపించాను. విని, తల ఊపి, "సరిగ్గానే రాసినావు" అన్నాడు.

గంట గడిచాక లేచేవాడు. అప్పుడిక ఎత్తిన రాయిని మళ్ళీ ఎత్తడం లేదు. పోగులోంచి తీయడం, చేతుల్లో ఒకసారి తిప్పడం, పెట్టడం. పెట్టిన చోట అది పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టుండేది. సుత్తి వాడేవాడు కాదు. గట్టిగా అడిగితే ఒకటే మాట, "కొడితే గురుతెట్టుకుంతాది బాబూ." ఎక్కడా కుదరని రాయి తగిలితే దాన్ని పక్కన పెట్టి, "ఈడు గార్డు బాబు" అనేవాడు. అలా ఓ డజను మంది గార్డులు పోగయ్యారు. చివరికి వాటన్నిటికీ గోడలో ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరికింది.

నేను పైనున్న రాతి మీద గొడుగు వేసుకుని కూర్చునేవాణ్ణి. చదవడానికి తెచ్చుకున్న డిపార్టుమెంటు పరీక్షల పుస్తకం మొదటి అధ్యాయం దాటలేదు. పది రోజులు నన్ను గమనించి, ఒక మధ్యాహ్నం అడిగాడు.

"నువ్వేటి తప్పు సేసినావు బాబూ?"

"నేనా? నేనేం చెయ్యలేదు."

"మరి దినమంతా ఎండలో కూకోబెట్టీసినారు. పని కూడా ఇవ్వనేదు."

ఆయన భార్య సొరకాయ బుర్రలో అంబలి తెచ్చి పక్కనే ఉంది. ఆవిడ నోట్లోనూ అడ్డపొగే. "సెప్పుకోడానికి సిగ్గుంతాది, ఒగ్గీ" అంది ఆయనతో, వదిలెయ్యమన్నట్టు.

మర్నాటి నుంచి బుర్రలో నా వంతు కూడా వచ్చేది. తోటి ముద్దాయికి పెట్టినట్టే పెట్టేది. నేను చేసిన తప్పేమిటో ఊళ్ళో చర్చించి, ఏదో గుంట విషయం, అంటే ఆడపిల్ల గొడవ, అయివుంటుందని తేల్చారట. ఇరవై మూడేళ్ళ వయసులో ఆ నింద నిజమైతే బాగుండునని నాకు అనిపించిన మాట దాచను.

ఆ చోడి అంబలి, అంటే మన రాగి జావ, తాగుతూ నేను ఆయన్ని మావా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తు లేదు. రిజిస్టర్లో మాత్రం ముద్దాయి అనే రాసేవాణ్ణి. ఏకాంతంలో బంధువు, కాగితంలో ఖైదీ.

నలభై రోజులు దాటాయి. ఒక సాయంత్రం గాలికొండ వైపు మబ్బు నల్లగా దిగింది. ఊరివాళ్ళు మడి దగ్గరికి గెడ్డ రాళ్ళు చేరవేసి, పై వరసలు విప్పి, కింది వరస కోసం గట్టు తెరిచి ఉంచారని అప్పటికి రెండు రోజులుగా కబురు వస్తోంది. ఆయన పని ముగించి, చేతులు దులుపుకుని, నన్ను మొదటిసారి ఒకటి అడిగాడు.

"రేపొక్క దినం ఒగ్గీ బాబూ."

షరతు గుర్తుచేశాను. ఒక్క రోజు మానితే జైలేనన్నాను. హాజరు వేసే నా సంగతేమిటో కూడా చెప్పబోయి మానేశాను.

"తెలుసు" అన్నాడు. మళ్ళీ అడగలేదు. కొండెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది. కానీ ఆ కొండల్లో అలా విడిపోయిన మబ్బు ఎక్కువ రోజులు దూరంగా ఉండదని నాకు కూడా తెలిసిపోయింది. ఆయన వేళకే వచ్చాడు. పోగు ముందు కూర్చోలేదు. చుట్ట వెలిగించలేదు. నేరుగా ఒక రాయి ఎత్తి పెట్టాడు. నచ్చక తీశాడు. మళ్ళీ అదే రాయిని ఎత్తాడు. మూడోసారి కూడా అదే. నలభై అయిదు రోజుల్లో నేను చూడని సంగతి అది. చూస్తూ కూర్చోలేకపోయాను.

"వెళ్ళు మావా" అన్నాను.

"ఎక్కడికి?"

"నీ మడికి. కింది వరస పెట్టేసుకో."

"మరి ఇక్కడ?"

"నేనుంటానులే."

నేనన్నది, ఎవరైనా వస్తే ఏదో ఒకటి చెబుతాను అని. ఆయన మొహంలో వింతేమీ కనబడలేదు. ఒకడికి వేరే పని పడితే ఇంకొకడు వచ్చి నిలబడటం ఆయన పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. "సరే, నువ్వుంటే అవుతాది" అని గునపం నా చేతికిచ్చి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. శిక్ష బదలాయించడం కుదరదని ముప్ఫై మందికి చెప్పినవాడిని, గునపంతో సహా నిలబడ్డాను.

కూర్చుని ఉండొచ్చు. కానీ చేతికిచ్చిపోయిన గునపం పక్కన పెట్టి గొడుగు కింద కూర్చోవడం సిగ్గనిపించింది. చొక్కా విప్పి కొమ్మకు తగిలించాను. ఆయనలాగే రాళ్ళ ముందు గంటసేపు కూర్చున్నాను. రాళ్ళు నన్ను చూశాయి. నాకేమీ తెలియలేదు. మధ్యాహ్నానికి మూడు రాళ్ళు పెట్టాను. ఒకటి నా కాలి మీద కూడా పెట్టుకున్నాను. నాలుగోది ఎత్తి పొట్టకు ఆనించుకుని, ఎక్కడ పెట్టాలా అని చూస్తుండగా కింద జీపు ఆగిన చప్పుడు వినిపించింది.

అధికారి పైకొచ్చి నన్ను చూశారు. చొక్కాను చూశారు. నాలుగు వైపులా చూశారు.

"ముద్దాయి ఎక్కడ?"

"మడిలో ఉన్నాడు సార్. నేనే వెళ్ళమన్నాను." రాయి ఇంకా నా పొట్ట మీదే ఉంది. దించమని ఆయన అనలేదు, దించాలని నాకు తోచలేదు. కింది వరస సంగతి, వాన సంగతి, తెరిచి ఉన్న గట్టు సంగతి అలాగే మోస్తూ చెప్పాను. అబద్ధం చెప్పడానికి కావలసిన ఊపిరి లేదు.

ఆయన గోడ దాకా నడిచి, వేలితో చూపించారు. "ఈ మూడు రాళ్ళు నువ్వు పెట్టావా?"

"అవును సార్."

"కనబడుతోంది. ఎవరైనా పడతారు, తీయించు." నా వైపు తిరిగి, "ఈ రోజు హాజరు ఏం రాస్తావు?" అన్నారు.

వచ్చాడని రాస్తే అబద్ధం. రాలేదని రాస్తే మావకు జైలు. రెండింట్లో ఏది రాసినా నా ఉద్యోగానికీ భరోసా లేదు. రిజిస్టరు ఇమ్మని చేయి చాచారు. బండ మీద పెట్టి, కలం తీసి, తనే ఒక ముక్క రాసి సంతకం పెట్టి, మూసి ఇచ్చారు.

"నీ ప్రొబేషన్ ఎప్పటికి పూర్తవుతుంది?"

"ఇంకో ఆరు నెలలు సార్."

"అప్పటిదాకా గోడలు కట్టకు" అని దిగిపోయారు.

జీపు కదిలాక తెరిచి చూశాను. "వాన కారణముగా పని జరగలేదు." తలెత్తి చూస్తే ఆకాశంలో చేతిరుమాలంత మబ్బు లేదు. నా వీపు మాత్రం తడిసి ముద్దయింది కనుక ఆ వాక్యాన్ని నేను పూర్తిగా కాదనలేను.

మర్నాడు ఆయన వచ్చి నా మూడు రాళ్ళ ముందు కూర్చున్నాడు. ఎంత గౌరవంగా చూశాడంటే బాగున్నాయేమో అనుకున్నాను. తర్వాత ఒక్క వేలితో తోశాడు. మూడూ వరసగా దిగిపోయాయి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బాబు ఏటి తప్పు సేసినాడో ఇన్నాళ్ళూ తెల్నేదు. ఇప్పుడు తెలిసింది" అంది.

రెండు రోజుల తర్వాత అసలు వాన వచ్చింది. మూడు రోజులు విడవకుండా కొట్టింది. దారులన్నీ గెడ్డలయ్యాయి. నాలుగో రోజు ఆయన తడి గొంగళితో వచ్చాడు.

"మడి?" అన్నాను.

"ఉంది" అన్నాడు. అంతే. గోచీలోంచి చుట్ట తీసి, విరిచి, సగం నాకిచ్చాడు. అడ్డపొగ ప్రయత్నించి నాలుక కాల్చుకున్నాను. ఆ వారం ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. క్రమశిక్షణ పెరిగిందనుకున్నారు.

వాన రోజులన్నీ చివర్న కలుపుకుని అరవై పూర్తిచేశాడు. అధికారి స్వయంగా వచ్చి గోడ మీద అటూ ఇటూ నడిచి, మడమతో తొక్కి చూశారు. చీమంత కదల్లేదు. అదే బాటలో ఇంకా నాలుగు మలుపులు కూలి ఉన్నాయి. "ఇలాంటి పనివాణ్ణి వదులుకుంటామా. మేస్త్రీగా వేసుకుందాం, రోజుకూలి ఇప్పిద్దాం. వెళ్ళి చెప్పు" అన్నారు. శుభవార్త మోసుకెళ్ళే అవకాశం మా ఆఫీసులో అరుదు. ఉత్సాహంగా కొండెక్కాను.

ఆయన మడిలో ఉన్నాడు. కొత్త గట్టు వెనక ఆకుమడి పచ్చగా ఉంది. నేను చెప్పింది చివరిదాకా విన్నాడు.

"ఏ తప్పుకి?" అన్నాడు.

"తప్పుకి కాదు మావా. కూలికి."

"సర్కారు గోడ తప్పు సేసినోడు కడతాడు కదా. అందరూ సూసినారు. ఇప్పుడు నేను మల్లీ ఎల్లి కడితే, మల్లీ ఏటి సేసినాడో అనుకుంతారు."

"అలా అనుకోరు."

"నువ్వు అనుకోవు" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

"ఒకపాలి పడ్డ మాట సాలు బాబూ" అంది ఆవిడ గట్టు మీంచి.

తిరిగి వచ్చి, "ముద్దాయి మేస్త్రీ పనికి సుముఖముగా లేడు" అని కాగితం రాసి పెట్టాను. అధికారి ముద్దాయి అన్న మాట కొట్టేశారు. దాని పైన వేరే మాట రాయడానికి కలం ఎత్తి, చాలాసేపు ఎత్తే ఉంచారు. ఏమీ రాయకుండా కాగితం ఫైల్లో పెట్టేశారు. "బంగారంలాంటి పని. నేనే చెడగొట్టాను" అన్నారు. నాతో అన్నారో కిటికీతో అన్నారో తెలియదు.

మిగతా నాలుగు మలుపులూ అలాగే ఉండిపోయాయి. మరుసటి ఏడు పంట కోతలకు ముందు, నా ప్రొబేషన్ పూర్తయి, ఏవో పట్టా కాగితాలు పట్టుకుని ఆ బాటనే ఊరికి ఎక్కుతున్నాను. ఆయన గోడ దాటి నలభై అడుగులు వేశానో లేదో, రెండో మలుపు దగ్గర జనం కనబడ్డారు. మట్టి తోడేవాళ్ళు తోడుతున్నారు, రాళ్ళు అందించేవాళ్ళు అందిస్తున్నారు. గుంత అడుగున, మోకాళ్ళ దాకా మట్టిలో, ఆయన కింది వరస పెడుతున్నాడు.

"ఇదేమిటి మావా, సర్కారు గోడ కట్టనన్నావు" అన్నాను.

తలెత్తకుండా, చేతిలో రాయితోనే వెనకటి మలుపు వైపు చూపించాడు. "సర్కారు గోడ అదిగో."

"మరి ఇది?"

"ఇది మా దారి."

వెనక్కి తిరిగి ఆ గోడను చూశాను, మళ్ళీ ఈ గుంతను చూశాను. అదే కొండ, అదే గెడ్డ రాళ్ళు, అవే చేతులు. తేడా ఎక్కడుందో కనిపెడదామని కాసేపు అలాగే నిలబడ్డాను.

"నిలబడి సూడ్డానికి ఈ దినం నీకు జీతం నేదు బాబూ" అంది ఆవిడ, తట్ట నెత్తిన పెట్టుకుంటూ. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను తొందరపడి దగ్గర్లో ఉన్న పెద్దరాయి మీద చేయి వేశాను. ఆయన అడ్డంగా తల ఊపాడు.

"అది నీకొద్దు. సందుల్లోకి సన్నరాళ్ళు కావాల. ఎల్లి ఏరుకురా."

పట్టా కాగితాలు గాలికి ఎగిరిపోకుండా వాటి మీద ఒక రాయి పెట్టి, గెడ్డలోకి దిగాను.